మొక్కల సారంతో వెండి నానోకణాలు: రంగు మారాక ఏమేమి నిరూపించాలి?

ఆకుపసరు

అందరికీ నమస్కారం. రసాయన శాస్త్రంలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వేపాకు సారంతో వెండి నానోకణాల తయారీని ప్రాజెక్టుగా ఎంచుకున్నాను. కడిగిన ఆకులను తరిగి, స్వేదన జలంలో మరిగించి, వడకట్టాను. ఒక వంతు సారానికి తొమ్మిది వంతుల 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ ద్రావణం కలిపి, వెలుతురు తగలకుండా ఉంచాను. లేత పసుపుగా ఉన్న ద్రావణం మొదట తేనె రంగుకు తిరిగి, సాయంత్రానికల్లా ముదురు గోధుమ రంగుకు వచ్చింది. ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుంటుందో చూపే యూవీ-విజిబుల్ వర్ణపటంలో 438 నానోమీటర్ల దగ్గర శిఖరం ఉంది, కానీ బాగా వెడల్పుగా ఉంది.

నేను చదివిన పరిశోధన పత్రాల్లో చాలావరకు ఇక్కడి నుంచి నేరుగా బ్యాక్టీరియా పరీక్షకు వెళ్లిపోయాయి. ఈ రంగునూ ఈ శిఖరాన్నీ చూసి నానోకణాలు వచ్చాయని రాయవచ్చా? ఆకులోని ఏ పదార్థం ఈ పని చేస్తోంది? ప్రయోజనాల అధ్యాయానికి అందరూ చేసే బ్యాక్టీరియా పరీక్షే చేయాలా, ఇంకేదైనా మేలైనది ఉందా? ఈ విషయం మీద పనిచేసినవారు వివరంగా చెబితే ఎంతో మేలు.

కొలిమి

రంగు నుంచే మొదలుపెడదాం. వెండి కణం 100 నానోమీటర్ల లోపు ఉన్నప్పుడు దానిలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ కాంతి తగలగానే ఒక్క లయలో ఊగుతాయి. దీన్నే ఉపరితల ప్లాస్మాన్ అనునాదం అంటారు. వెండికి ఇది సాధారణంగా 400 నుంచి 450 నానోమీటర్ల మధ్య కనిపిస్తుంది, అందుకే పసుపు, గోధుమ రంగులు. గుండ్రని బంగారు కణాలకు 520 దగ్గర మొదలవుతుంది, అందుకే ఆ ద్రావణం కెంపు రంగులో ఉంటుంది. కాబట్టి 438 దగ్గరి శిఖరం మంచి సాక్ష్యమే. అయితే దాని నుంచి పరిమాణం చెప్పలేం. కణం సైజు, ఆకారం, దాని చుట్టూ ఉన్న పూత, కణాలు గుంపు కట్టడం, ఇవన్నీ శిఖరాన్ని జరుపుతాయి. మీ శిఖరం వెడల్పుగా ఉందంటే రకరకాల సైజుల కణాలు కలిసి ఉండాలి, లేదా కొన్ని ఒకదానికొకటి అంటుకుని ఉండాలి.

ఒక్క వర్ణపటంతో ఆగకండి. పావుగంటకొకటి చొప్పున తీసి ఒకే పటంలో గీయండి. శిఖరం ఉన్నచోటే ఎత్తు పెరుగుతూ ఉంటే కొత్త కణాలు పుడుతున్నాయని అర్థం. ఎర్రని కాంతి వైపు జరుగుతూ, 600 దాటి తోక సాగితే గుంపు కడుతున్నాయని అర్థం. ఒక నెల నిలవ ఉంచిన ద్రావణానికి మళ్లీ తీయండి. పూత గట్టిదో కాదో అదే చెబుతుంది.

ఇక వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహంగా మార్చే పని, అంటే క్షయకరణం, ఆకులో ఎవరు చేస్తున్నారంటే, ఒక్కరు కాదు. పాలీఫినాల్స్, ఫ్లావనాయిడ్లు, టెర్పినాయిడ్లు, క్షయకరణ చక్కెరలు, ప్రోటీన్లు అన్నీ ఉంటాయి. వీటిలో పాలీఫినాల్స్ పాత్ర తేలికగా అర్థమవుతుంది. బెంజీన్ వలయం మీద పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ సమూహాలున్న అణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలి క్వినోన్‌గా మారుతుంది, ఆ రెండూ రెండు వెండి అయాన్లకు చేరతాయి. వెండి అయాన్ ప్రామాణిక క్షయకరణ పొటెన్షియల్ +0.80 వోల్టులు, అంటే ఎలక్ట్రాన్ ఇస్తామంటే చాలు, వెంటనే పుచ్చుకునే రకం. బంగారు క్లోరైడ్ అయాన్ +1.00 దగ్గర ఇంకా ఆత్రంగా ఉంటుంది. జింకు చూడండి, -0.76 వోల్టులు. ఏ ఆకు సారమూ నీటిలో జింకు లోహాన్ని ఇవ్వలేదు. మొక్కల సారంతో జింకు నానోకణాలు అని ఎవరైనా రాస్తే, అది జింకు ఆక్సైడ్ అయి ఉండాలి, ఆ ప్రక్రియలో క్షయకరణమే లేదు.

తొలకరి

నేనీ రంగంలో లేను గానీ దీని చరిత్రంటే చాలా ఇష్టం. మైఖేల్ ఫారడే 1857లో బంగారపు ఎర్రని ద్రావణాల గురించి ప్రకటించాడు. ఆ రంగుకు కారణం కంటికి కనిపించనంత చిన్న లోహ కణాలేనని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పుట్టకముందే చెప్పగలిగాడు. 1951లో టర్కెవిచ్ బృందం సిట్రేట్ (నిమ్మ ఆమ్లపు లవణం)తో బంగారు కణాలు చేసే పద్ధతిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి వివరించింది. మొక్కల కథలో నాకు అన్నిటికన్నా నచ్చినది 2002 నాటిది. టెక్సస్ విశ్వవిద్యాలయం, ఎల్ పాసోలో గార్డియా-టోరెస్డే బృందం బంగారు లవణమున్న మాధ్యమంలో అల్ఫాల్ఫా (ఒక పశుగ్రాసపు మొక్క) మొలకలు పెంచి, బతికి ఉన్న మొక్క లోపలే బంగారు నానోకణాలు ఏర్పడటాన్ని చూపింది.

మీరు చేస్తున్న వేపాకు పనికి మూలం పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ. మురళీ శాస్త్రి బృందం 2004లో వేపాకు సారంతో వెండి, బంగారం విడివిడిగానూ, బంగారు గర్భం మీద వెండి పొర ఉన్న జంటలోహ కణాలనూ చేసింది. అదే ఏడాది నిమ్మగడ్డి సారంతో త్రికోణాకారపు బంగారు పలకలు చేసి చూపింది. ఒక గడ్డి సారంలో త్రికోణాలు పుట్టడం నాకిప్పటికీ అబ్బురమే!

సూక్ష్మదర్శిని

తొలకరి గారూ, ఆ త్రికోణాల వల్ల ఒక ఉపయోగమూ ఉంది. వాటి శోషణ పరారుణం దగ్గరికి జరుగుతుంది, అందుకే వేడి పుట్టించే పనులకూ పరారుణాన్ని అడ్డుకునే పూతలకూ వాటిని ఆలోచించారు.

ఆకుపసరు గారూ, మీ తర్వాతి మెట్టు కణాలను చూడటం. చూసే ముందు కడగండి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని తీసేసి, అడుగున చేరినదాన్ని మళ్లీ స్వేదన జలంలో చెదరగొట్టి మళ్లీ తిప్పాలి. ఇలా మూడు నాలుగు విడతలు చేయాలి. కడగని నమూనాను టీఈఎం (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) జాలీ మీద వేస్తే ఎండిన ఆకు సారం మబ్బులా కమ్మేసి, కణాల అంచులు కనబడవు. టీఈఎంలో కనీసం రెండు మూడు వందల కణాలు కొలిచి సైజుల పంపిణీ గీయండి. అందంగా వచ్చిన ఒక్క మూలను ఫొటో తీసి దాన్ని సగటు అనడం చాలా చోట్ల చూస్తున్నాను.

కణాలు కాంతిని చెదరగొట్టే తీరును బట్టి సైజు చెప్పే డీఎల్ఎస్ సంఖ్య టీఈఎం సంఖ్య కన్నా పెద్దగా వస్తే కంగారు పడకండి. టీఈఎం లోహపు ముద్దను మాత్రమే చూస్తుంది. డీఎల్ఎస్ పూతనూ, దాన్ని అంటిపెట్టుకున్న నీటి పొరనూ కలిపి చూస్తుంది, పైగా పెద్ద కణాలు కాంతిని విపరీతంగా చెదరగొట్టడం వల్ల సగటు వాటి వైపే మొగ్గుతుంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాల వివర్తనం)లో షెరర్ సూత్రం ఇచ్చేది స్ఫటిక ఖండం సైజు, అది మూడోది. మూడూ ఒకటే రావాలని పట్టుబట్టకుండా, ఏది ఏమిటో రాయండి.

ఎఫ్‌టీఐఆర్ (పరారుణ వర్ణపటం) విషయంలో ఒక విన్నపం. 3400, 1630 దగ్గర పట్టీలు కనబడ్డాయి కాబట్టి ఫ్లావనాయిడ్లే పూతగా ఉన్నాయని రాయకండి. ఆ పట్టీలు ఏ ఆకు పొడికైనా వస్తాయి, తడి ఉంటే నీటికే వస్తాయి. ఒట్టి సారం వర్ణపటాన్ని, కడిగిన కణాల వర్ణపటాన్ని పక్కపక్కన పెట్టి, ఏ పట్టీ జరిగిందో ఏది తగ్గిందో చూపగలిగితేనే దానికి విలువ.

నీటిబొట్టు

అందరూ తయారీ గురించి మాట్లాడుతున్నారు, నేను వేరే వైపు నుంచి అడుగుతాను. ఈ పత్రాల పీఠికలన్నీ ఒకే మాటతో మొదలవుతాయి: రసాయన పద్ధతుల్లో హైడ్రజీన్, సోడియం బోరోహైడ్రైడ్ లాంటి ప్రమాదకర పదార్థాలు వాడతారు, మొక్కల పద్ధతిలో అవి ఉండవు కాబట్టి ఇది పర్యావరణానికి మేలు. పోలిక హైడ్రజీన్‌తోనే ఎందుకు? సిట్రేట్ పద్ధతి నీటిలోనే జరుగుతుంది, సిట్రేట్ హానికరమూ కాదు. 2003లో పిండి పదార్థం, గ్లూకోజ్ వాడి వెండి కణాలు చేసిన పద్ధతీ ఉంది. వాటితో పోల్చి మొక్కల సారం ఎందులో మెరుగో చెప్పినవారు తక్కువ.

రెండోది, భారం ఎక్కడుందో చూడండి. గనిలోంచి వెండి తీయడం, శుద్ధి చేయడం, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి లవణం చేయడం, ఇదంతా మన బీకరు దాకా రాకముందే జరిగిపోతుంది. 2014లో బంగారు కణాల తయారీ పద్ధతుల మీద వచ్చిన జీవితచక్ర అంచనాలో శక్తి ఖర్చులో సింహభాగం బంగారు లవణానిదేనని తేలింది. క్షయకరణిని మార్చితే మారేది మిగిలిన చిన్న భాగమే. ఆకులను గంటల తరబడి మరిగిస్తే ఆ మిగులూ హరించుకుపోతుంది.

మూడోది, నీటిలో బతికే జీవులకు వెండి తీవ్రమైన విషం. అది ఆకు సారంతో తయారైందని చేపకు తెలియదు. ఈ పనిని మానమని నేను అనడం లేదు. 1998లో అనాస్టాస్, వార్నర్ ప్రతిపాదించిన హరిత రసాయన శాస్త్రపు 12 సూత్రాలను ఒక పట్టికగా పెట్టుకుని, మన పద్ధతి దేన్ని తీరుస్తోందో దేన్ని తీర్చడం లేదో నిజాయితీగా రాయాలని అంటున్నాను.

కొలిమి

నీటిబొట్టు గారి మొదటి రెండు మాటలతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ మొక్కల పద్ధతికి అసలు బలం వేరేచోట ఉందని నా నమ్మకం, అది పూతలో ఉంది.

సిట్రేట్ కణాన్ని వైద్యానికి వాడాలంటే దాని పూత తీసి మరో అణువును తగిలించాలి. అదొక ప్రత్యేక దశ, ఆ దశలోనే కణాలు తరచుగా గుంపు కడతాయి. మొక్కల సారంలో క్షయకరణి, పూత రెండూ ఒకే పాత్రలో దొరుకుతాయి. ఆ పూత శరీరంలో దేన్నైనా గుర్తుపట్టగల అణువే అయితే? మిస్సోరీ విశ్వవిద్యాలయంలో కట్టి బృందం తేయాకు పదార్థాలతో బంగారు కణాలు చేసి 2009లో ప్రచురించింది. తర్వాత తేయాకులోని ఈజీసీజీ అనే పాలీఫినాల్ పూతగా, రేడియోధార్మిక బంగారం-198తో కణాలు చేసింది. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే లామినిన్ గ్రాహకాన్ని ఈజీసీజీ పట్టుకుంటుంది. ఎలుకల్లో కణితులు గణనీయంగా కుంచించుకుపోయాయని 2012లో ప్రకటించారు. బంగారం-198 అర్ధాయువు 2.7 రోజులు, అంటే మోతాదు ఇచ్చి వారం పది రోజుల్లో చాలావరకు క్షీణిస్తుంది. ఎలుకల్లో వచ్చిన ఫలితం మనుషుల్లో చికిత్స కాదు, ఆ గీత చెరపకూడదు. కానీ ఇక్కడ మొక్క అణువుకు ఒక నిర్దిష్టమైన పని ఉంది. ఆ అణువు పేరు తెలుసు, అది ఏ గ్రాహకాన్ని పట్టుకుంటుందో తెలుసు. ఆకులోని పదార్థాల జాబితా రాసి వదిలేసే పత్రాలకూ దీనికీ అదే తేడా.

వనమూలిక

చాలా మంచి చర్చ. ఒక సందేహం. వేప మంచిదే, వెండి క్రిములను చంపుతుంది. అయితే ఇలా చేసిన ద్రావణాన్ని కొద్దికొద్దిగా తాగితే ఆరోగ్యానికి మంచిదని ఒకచోట చదివాను. నిజమేనా?

రజతరేఖ

వనమూలిక గారూ, దయచేసి తాగకండి, ఎవరికీ ఇవ్వకండి. లెక్క చూడండి. ఆకుపసరు గారి బీకరులో లీటరుకు దాదాపు 97 మిల్లీగ్రాముల వెండి ఉంది. తాగునీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాకా ఉంటే ముప్పు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దానికీ దీనికీ వెయ్యి రెట్ల దూరం. ఒంట్లో పేరుకున్న వెండి చర్మంలో చేరి, వెలుతురుకు నల్లబడి, మనిషిని నీలి బూడిద రంగుకు మారుస్తుంది. ఆర్జీరియా అనే ఆ మార్పు సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. వెండి ద్రావణాలున్న మందుల షాపు ఉత్పత్తులు సురక్షితమనీ పనిచేస్తాయనీ గుర్తించలేమని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1999లోనే నియమం చేసింది.

కాలిన గాయాలకు పైపూతగా వాడే సిల్వర్ సల్ఫాడయజీన్, వెండి ఉన్న కట్లు వేరే సంగతి. అవి పైన వాడేవి, మోతాదు తెలిసినవి, వైద్యుల చేతిలో ఉండేవి.

వనమూలిక

అర్థమైంది, ధన్యవాదాలు. ఇంట్లోవాళ్లకు కూడా చెబుతాను.

రజతరేఖ

ఇక బ్యాక్టీరియా పరీక్ష సంగతి. నా పని సూక్ష్మజీవుల మీదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పెట్రీ పళ్లెంలో అగార్ మీద బ్యాక్టీరియా పరిచి, నానోకణాల ద్రావణంలో ముంచిన బిళ్ల పెట్టి, చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయాన్ని స్కేలుతో కొలవడం అందరూ చేసే పద్ధతి. దీనిలో పెద్ద చిక్కు ఉంది. యాంటీబయోటిక్ అణువు అగార్‌లో సులువుగా పాకుతుంది, 30 నానోమీటర్ల లోహపు కణం పాకలేదు. మీరు చూసే వలయం ఎక్కువగా కరిగి ఉన్న వెండి అయాన్ల వల్ల వచ్చేదే. చర్య మిగిలిపోయిన సిల్వర్ నైట్రేట్ వల్ల కూడా కావచ్చు. ఆంపిసిలిన్ వలయం ఇంత, మా కణాల వలయం ఇంత అని పక్కపక్కన పెట్టి పోల్చడం అందుకే కుదరదు. ద్రవ మాధ్యమంలో గాఢతను సగం సగం తగ్గిస్తూ పోయి కనిష్ఠ నిరోధక గాఢత, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే అతి తక్కువ గాఢత, కనుక్కోండి.

కంట్రోల్ నమూనాలు లేని పరీక్ష చేయవద్దు. ఒట్టి ఆకు సారం ఒకటి, ఎందుకంటే వేపకే కొంత శక్తి ఉంది. అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్ రెండోది. సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేరిన ద్రవం మూడోది, ఇదే చాలామంది మరిచిపోయేది. కడిగిన కణాల ప్రభావం ఈ మూడింటితో పోల్చినప్పుడు ఎలా ఉందో చెప్పండి. సిల్వర్ నైట్రేట్ కన్నా తక్కువగా రావచ్చు. వస్తే అలాగే రాయండి, అందులో తప్పేమీ లేదు.

వెండి నానోకణం కణంగా చంపుతుందా, అయాన్లు వదిలి చంపుతుందా అన్న ప్రశ్నకు 2012లో ఒక చక్కని ప్రయోగం జరిగింది. రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గాలి లేని చోట, అంటే వెండి ఆక్సీకరణం చెంది అయాన్లు వదలలేని చోట, కణాలను ఈ.కోలై మీద ప్రయోగించారు. అవి దాదాపు ఏమీ చేయలేకపోయాయి. అంటే కణం అయాన్ల నిల్వ లాంటిది, నెమ్మదిగా వదులుతుంది. ఈ కోణంలో చూస్తే మీ మొక్క పూతను అడగాల్సిన ప్రశ్న మారిపోతుంది: అది ఆ విడుదలను ఆపుతోందా, నిదానింపజేస్తోందా, ఎన్ని రోజులు సాగదీస్తోంది? ఇది కొలవగలిగిన విషయం.

చివరగా, వెండికి బ్యాక్టీరియా అలవాటుపడదన్న మాట సరికాదు. వెండిని తట్టుకునే జన్యువులున్న సాల్మొనెల్లా 1970లలోనే ఒక ఆసుపత్రి కాలిన గాయాల విభాగంలో దొరికింది. 2018లో మరో సంగతి బయటపడింది. వెండి కణాలకు పదేపదే గురిచేసిన ఈ.కోలై ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌ను విడుదల చేసి, కణాలను గుంపు కట్టించి పనికిరాకుండా చేసింది. జన్యువుల్లో మార్పేమీ లేకుండానే! ఆ ఫ్లాజెల్లిన్ తయారీని దానిమ్మ తొక్క సారంతో అణచగలిగారు. మొక్కల సారానికి ఇలాంటి పాత్ర కూడా ఉందని ఎవరు ఊహించారు?

ఆకుపసరు

ఇన్ని విషయాలు ఒక్కచోట ఎక్కడా దొరకలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఎక్స్‌ఆర్‌డీ ఫలితం వచ్చింది. రాగి కే-ఆల్ఫా కిరణంతో 38.1, 44.3, 64.4, 77.4 డిగ్రీల దగ్గర శిఖరాలున్నాయి. అవి వెండివేనని పోల్చుకున్నాను. కానీ 27.8, 32.2, 46.2 దగ్గర కూడా పదునైన శిఖరాలున్నాయి. 32.2 దగ్గరిదైతే వెండి శిఖరంతో దాదాపు సమానంగా ఉంది. కొన్ని పత్రాల్లో ఇలాంటివాటిని ఆకులోని సేంద్రియ పదార్థాల స్ఫటికాలని రాశారు. అలాగే రాయనా?

సూక్ష్మదర్శిని

వద్దు. మీరు చెప్పిన ఆ మూడు సంఖ్యలూ సిల్వర్ క్లోరైడ్‌వి. ఆకుల్లో క్లోరైడ్ సహజంగా ఉంటుంది. మరిగించినప్పుడు నీటిలోకి దిగుతుంది, వెండి అయాన్ కనబడగానే పట్టేసుకుంటుంది. సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం 1.8×10⁻¹⁰. మీ గాఢతలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము క్లోరైడ్ కూడా లేకుండానే అవక్షేపం మొదలవుతుంది. అంత తక్కువ క్లోరైడ్ ఉన్న ఆకు సారం దొరకదు.

నిర్ధారించుకోవడం కష్టం కాదు. కొంచెం సారాన్ని విలీన నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లీకరించి, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. పెరుగు విరిగినట్టు తెల్లని అవక్షేపం వస్తే క్లోరైడ్ ఉన్నట్టే. మీది వెండి, సిల్వర్ క్లోరైడ్ కలిసిన పదార్థమని రాయండి. దానివల్ల పని విలువ తగ్గదు. వెండి అంటిన సిల్వర్ క్లోరైడ్ మామూలు వెలుతురులోనే పనిచేసే కాంతి ఉత్ప్రేరకంగా పేరున్నదే. కాకపోతే బ్యాక్టీరియా పరీక్షలో వెండిని లెక్కగట్టేటప్పుడు ఈ భాగాన్ని వేరుగా చూడాలి.

కొలిమి

దీనికి తోడు మరో నకిలీ గోధుమ రంగు గురించి చెప్పాలి. పీహెచ్ పెంచితే చర్య వేగంగా జరుగుతుంది, ఎందుకంటే ఫినాల్ తన హైడ్రోజన్ అయాన్‌ను వదులుకున్నాక ఎలక్ట్రాన్‌ను ఇంకా తేలికగా ఇస్తుంది. ఒకేసారి ఎన్నో బీజాలు పుట్టి కణాలు చిన్నవిగా వస్తాయి. కానీ సిల్వర్ నైట్రేట్‌లో నేరుగా సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే సిల్వర్ ఆక్సైడ్ పడుతుంది, అదీ గోధుమ రంగే. ముందు సారం పీహెచ్ సరిచేసి, కొలిచి, ఆ తర్వాత వెండి కలపండి. సారం లేకుండా అదే పీహెచ్‌లో ఒక ఖాళీ నమూనా పెట్టండి.

పీహెచ్ కోసం అమోనియా మాత్రం వాడవద్దు. అమోనియా కలిసిన వెండి ద్రావణాలు నిలవ ఉంటే పేలుడు స్వభావమున్న నల్లని పదార్థం ఏర్పడుతుంది. ప్రయోగశాలల్లో దీనివల్ల గాయపడినవాళ్లున్నారు.

సాగునేల

జింకు ఆక్సైడ్ గురించి కొలిమి గారు మొదట్లో ఒక మాట అని వదిలేశారు, నాకు అదే అసలు విషయం. పంటలకు జింకు అందించే పని మీద ఉన్నాను. మొక్కల సారంతో జింకు ఆక్సైడ్ అన్న పత్రాల్లో పద్ధతి ఇలా ఉంటుంది: జింకు నైట్రేట్‌నో ఎసిటేట్‌నో సారంలో కలిపి, వేడిచేసి ముద్దగా చేసి, 400 లేదా 500 డిగ్రీల దగ్గర కొలిమిలో కాల్చుతారు. తెల్లటి పొడి వస్తుంది. చివర్లో మాత్రం ఫ్లావనాయిడ్ల పూత వల్ల కణాలు స్థిరంగా ఉన్నాయని రాస్తారు. 500 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాలిన తర్వాత ఏ ఫ్లావనాయిడ్ మిగులుతుంది? సారం అక్కడ చేసిన పని వేరు. జింకు అయాన్లను పట్టుకుని సమంగా పరచింది, కాలేటప్పుడు వాయువులుగా పోయి పొడిని బోలుగా చేసింది. అదీ ఉపయోగమే, అలాగే రాస్తే సరిపోతుంది.

పంట పరీక్షలో కూడా రజతరేఖ గారు చెప్పిన సూత్రమే. అంతే జింకు ఉన్న జింకు సల్ఫేట్‌ను ఒక వరుసకు ఇవ్వకుండా, ఒట్టి నీళ్లు పోసిన వరుసతో పోల్చి నానో ఎరువు గొప్పదంటే ఏమీ తేలదు. జింకు లోటున్న నేలలో ఏ రూపంలో జింకు ఇచ్చినా మొక్క పచ్చబడుతుంది. ఆమ్ల నేలల్లో జింకు ఆక్సైడ్ కరిగి అయాన్లుగానే వేళ్లకు అందుతుంది.

నీటిబొట్టు

ఇనుముదీ ఇదే కథ. తేయాకు సారంలో ఇనుప లవణం కలిపితే క్షణాల్లో నల్లబడుతుంది. దాన్ని శూన్య సంయోజకత ఇనుప (అంటే లోహపు ఇనుము) నానోకణాలుగా ఎంతోమంది రాశారు. 2009లో ఇలాంటి పదార్థంతో, హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడుగా, ఒక రంగును విచ్ఛిన్నం చేసి చూపారు. ఆ పని జరిగింది నిజమే. కానీ ఇనుము, పాలీఫినాల్ కలిస్తే వచ్చే నలుపు, పాతకాలపు సిరాలో ఉన్న నలుపే. 2014లో నిశితంగా పరీక్షించిన ఒక బృందం అందులో లోహపు ఇనుము లేదనీ, ఇనుము-పాలీఫినాల్ సంక్లిష్టాలే ఉన్నాయనీ, అవి నీటి జీవులకు గణనీయంగా హాని చేస్తున్నాయనీ చూపింది. నీటి శుద్ధికి వాడదామనుకునేవాళ్లు ముందు చదవాల్సింది అదే.

రంగునీళ్లను తేరపరిచే పరీక్షల్లోనూ జాగ్రత్త. మిథిలీన్ బ్లూలో వెండి కణాలు, బోరోహైడ్రైడ్ వేస్తే నీలం మాయమవుతుంది. అది విచ్ఛిన్నం కాదు, రంగులేని రూపానికి మారడం మాత్రమే. మూత తీసి గాలి తగిలేలా బాగా కుదిపి చూడండి, నీలం తిరిగి వస్తుంది. అలా వస్తే కాలుష్యం పోయినట్టు ఎలా అవుతుంది? పైగా బోరోహైడ్రైడ్‌ను తప్పించడానికే మొక్కల సారం ఎంచుకున్నామని పీఠికలో రాసి, ప్రయోజనాల అధ్యాయంలో దాన్ని వందల రెట్లు అధికంగా వాడుతున్నాం.

ఆకుపసరు

క్లోరైడ్ పరీక్ష చేశాను, తెల్లని అవక్షేపం స్పష్టంగా వచ్చింది. ఎఫ్‌టీఐఆర్ కూడా సారం, కణాలు పక్కపక్కన తీస్తున్నాను.

ప్రయోజనానికి ఒక్కటే తీసుకుని లోతుగా చేయమంటే మీరు దేన్ని సూచిస్తారు? మా దగ్గర వర్ణపటమాపకం ఎప్పుడూ దొరుకుతుంది. టీఈఎంకు బయటికి పంపాలి.

కొలిమి

వర్ణపటమాపకం చేతిలో ఉంటే పాదరసాన్ని గుర్తించే పని చేయండి. రెండు ధన ఆవేశాలున్న పాదరసం అయాన్ పొటెన్షియల్ +0.85 వోల్టులు, వెండి +0.80. తేడా చిన్నదే గానీ పాదరసం వెండి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కోగలదు, పుట్టిన పాదరసం కణం మీదే మిశ్రమలోహంగా చేరుతుంది. శిఖరం తగ్గి నీలి వైపు జరుగుతుంది, పసుపు వెలిసిపోతుంది. కంటికే కనబడుతుంది, యంత్రంతో కొలవవచ్చు. రాగి, సీసం, కాడ్మియం, ఇనుము, కాల్షియం అయాన్లను ఒక్కొక్కటే వేసి ఏది అడ్డొస్తుందో చూడండి. అకర్బన పాదరసానికి తాగునీటి మార్గదర్శక విలువ లీటరుకు 6 మైక్రోగ్రాములు. మీ పద్ధతి అక్కడిదాకా చేరదేమో, అప్పుడు వ్యర్థ జలాలకే పనికొస్తుందని రాయవచ్చు. పాదరసం లవణాలు చాలా విషపూరితం కాబట్టి మీ గైడు పక్కన ఉండగానే, తగిన రక్షణతోనే చేయండి.

సూక్ష్మదర్శిని

దానికన్నా ముందు సారం సంగతి తేల్చుకోండి. ఆకు వయసును బట్టి, ఋతువును బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి ఫినాల్స్ మోతాదు మారిపోతుంది. ఫోలిన్-సియోకాల్టు పద్ధతిలో మొత్తం ఫినాల్స్‌ను గాలిక్ ఆమ్ల తుల్యాంకంగా కొలిచి ప్రతి సారం పక్కన రాసుకోండి. ఆకు నమూనాను వృక్షశాస్త్ర విభాగంలో గుర్తింపజేసి హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) పెట్టించండి. పది గ్రాముల ఆకు, వంద మిల్లీలీటర్ల నీరు అని మాత్రమే రాస్తే ఆ ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేయలేరు. ఈ రంగంలో అన్నిటికన్నా నన్ను బాధించేది అదే.

ఆకుపసరు

అలాగే చేస్తాను. పాదరసం పని గురించి మా గైడుతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. చివరి సందేహం: కడిగిన నీళ్లు, వాడేసిన ద్రావణాలు ఒక పెద్ద సీసాలో పోగవుతున్నాయి. సింకులో పోయడం ఇష్టం లేదు.

రజతరేఖ

పోయకండి, మంచి పని చేశారు. పాదరసం కలిసినవాటిని మొదటి నుంచీ వేరే సీసాలో ఉంచి, పేరు, తేదీ రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవారికే ఇవ్వాలి. వెండి మాత్రమే ఉన్నవాటిలో ఉప్పు ద్రావణం కలపండి. మిగిలిన అయాన్లు సిల్వర్ క్లోరైడ్‌గా పడతాయి, నానోకణాలు చాలావరకు గుంపు కట్టి అడుగుకు చేరతాయి. మరీ ఎక్కువ ఉప్పు వేయకండి, అధిక క్లోరైడ్‌లో కొంత వెండి తిరిగి కరుగుతుంది. ఒక రోజు కదపకుండా ఉంచి వడకట్టండి. ఆ మడ్డిని ఎండబెట్టి ముదురు రంగు సీసాలో దాచండి, అందులోంచి వెండిని తిరిగి తీయవచ్చు. పైన తేరిన ద్రవంలో ఇంకా పసుపు ఛాయ ఉంటే కణాలు మిగిలి ఉన్నట్టే, దాన్నీ వ్యర్థాల సీసాలోనే వేయండి.